నిలబడి వస్తానన్నా ఎక్కించుకోని బస్సు

నేను ఆర్టీసీలో ముప్ఫై మూడేళ్ళు చేశాను. ఇరవై రెండేళ్ళు కండక్టర్‌గా, ఆఖరి పదకొండేళ్ళు విజయనగరం కాంప్లెక్స్‌లో కంట్రోలర్‌గా. అంచేత బస్సు ఏ దేశానిదైనా నా చూపు ముందు డోరు దగ్గరికే పోతుంది. ఎవరెక్కారు, ఎవరు దిగారు, ఎవరు కిందే ఉండిపోయారు, అదీ నా లెక్క. కొరియా అందాలు, సీరియల్ హీరోలు కావలసినవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. 2025 అక్టోబర్‌లో చుసోక్ పండగ రద్దీలో సియోల్ నుంచి గ్వాంగ్జుకి మేం వెళ్ళిన హైవే బస్సు గురించే ఈ రివ్యూ. బస్సుకి అయిదుకి నాలుగు మార్కులు. సరిగ్గా ఆ వారంలో మమ్మల్ని ఆ దేశానికి తోసిన మా ఊరి ట్రావెల్స్ ఆఫీసుకి ఒకటి. ఆ ఒక్కటీ వాళ్ళిచ్చిన అల్లం టీకి.

ట్రావెల్స్ సంగతి ముందు తేల్చేస్తాను. పేరు రాయను, ఆ కుర్రాడి తండ్రి నాకు బాగా తెలిసినవాడు. మా అమ్మాయి రెండేళ్ళుగా గ్వాంగ్జులో పరిశోధన చేస్తోంది. "దసరా అయ్యాక రండి నాన్నా, చలి ముదరకముందే చూసెళ్దురు" అంది. ఆగస్టులో పాస్‌పోర్టులు పట్టుకుని వెళ్ళాను. కుర్రాడు కంప్యూటర్ వైపు చూస్తూనే "అక్టోబర్ మూడు రాత్రి విశాఖ నుంచి సింగపూర్, అక్కడి నుంచి ఇంచియాన్. రేటు బాగుంది, వెదర్ ఇంకా బాగుంటుంది సార్" అన్నాడు. అక్కడికెళ్ళాక ఊళ్ళ మధ్య ప్రయాణం ఎలాగ అంటే "అక్కడ బస్సులకేం లోటండీ, దిగడం ఎక్కడం" అన్నాడు. ఆ మాట ఎవరైనా అనొచ్చు, బస్సుల్లో బతికిన నేను నమ్మకూడదు. నమ్మాను. టికెట్లు కొట్టించేశాక అమ్మాయికి ఫోన్ చేశాను.

అటు నుంచి కాసేపు మాట లేదు. "నాన్నా, అది చుసోక్ వారం" అంది.

చుసోక్ అంటే వాళ్ళ పంట పండగ. చాంద్రమానంలో ఎనిమిదో నెల పున్నమి. 2025లో అది అక్టోబర్ 6న పడింది. పండగకి ముందు రోజూ తర్వాతి రోజూ కలిపి మూడు రోజులు సెలవు. అందులో ఒకటి ఆదివారం అయిందని 8న బదులు సెలవిచ్చారు. 3న వాళ్ళ దేశం పుట్టిన రోజు, 9న వాళ్ళ లిపి పండగ. శుక్రవారం నుంచి గురువారం దాకా ఏడు రోజులు దేశం మొత్తం తలుపులేసుకుని సొంతూళ్ళకి బయల్దేరింది. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే సియోల్ వాళ్ళ హైదరాబాదు, గ్వాంగ్జు వాళ్ళ శ్రీకాకుళం, మేం వెళ్ళిన రోజు భోగి ముందు రోజు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి మన వైపు వచ్చే బస్సులకి స్పెషల్స్ వేయడంలోనే నా జుట్టు తెల్లబడింది. రిటైరయ్యాక కూడా ఆ రద్దీ నన్ను వెతుక్కుంటూ వచ్చిందన్నమాట, అదీ సముద్రాలు దాటించి మరీ.

మా ఊరి కుర్రాడికి కొరియా పంచాంగం తెలియకపోవడం తప్పంటారా అని మా ఆవిడ అడిగింది. తప్పే. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజున విజయనగరంలో రూము దొరకదని బయటి ఊరి ఏజెంటుకి తెలియకపోతే తప్పు కాదా? టికెట్లమ్మేవాడు సెలవుల జాబితా చూడాలి.

రెండో తప్పు ఇంకా ఘనమైంది. అమ్మాయి గది చిన్నది, మాకు రెండు రాత్రులకి గ్వాంగ్జులో హోటల్ వేయమన్నాను. వేశాడు. కాగితం ఫొటో తీసి పంపిస్తే అమ్మాయి పకపకా నవ్వింది. కొరియాలో గ్వాంగ్జులు రెండున్నాయి. ఒకటి దక్షిణాన జొల్లా వైపు ఉన్న మహానగరం, మా అమ్మాయి ఉండేది. ఇంకోటి సియోల్‌కి పక్కనే, గ్యొంగీ రాష్ట్రంలో. వీడు ఆ పక్కదాంట్లో వేశాడు. నరసరావుపేటకి టికెట్ కొట్టి నరసన్నపేటలో దించేసినట్టు. డబ్బులు వెనక్కి రావని కాగితం అడుగున చిన్నక్షరాల్లో ఉంది. అడిగితే "స్పెల్లింగ్ ఒకటే కదండీ సార్" అన్నాడు. కండక్టర్ అలా అంటే జీతంలోంచి కోస్తారు నాయనా అని వచ్చేశాను.

ఇక అసలు సంగతి.

అమ్మాయి మొదట రైలుకే ప్రయత్నించింది. వాళ్ళ కేటీఎక్స్ రైలు గంటకి మూడొందల కిలోమీటర్ల దాకా పోతుంది, సియోల్ నుంచి గ్వాంగ్జుకి రెండు గంటలు పట్టదు. పండగ టికెట్లు కొన్ని వారాల ముందే విడిగా ఒక తేదీ పెట్టి అమ్ముతారు. 65 దాటినవాళ్ళకీ వికలాంగులకీ ముందు వేరుగా అమ్మి, తర్వాత మిగతావాళ్ళకి తెరుస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. ఒకప్పుడు స్టేషన్ల ముందు రాత్రంతా దుప్పట్లు పరుచుకుని వరసలో పడుకునేవాళ్ళట, కరోనా నుంచి అంతా ఫోన్లూ కంప్యూటర్లే. తెరిచిన నిమిషానికే మా అమ్మాయి ముందు వేలమంది వరసలో ఉన్నట్టు తెర మీద చూపించిందట. తన వంతు వచ్చేసరికి మేం వెళ్ళే రోజుకి ఒక్క సీటు లేదు. తత్కాల్ పది గంటలకి తెరిచి పదీ రెండుకి మూసుకోవడం మనకి కొత్తా? అలాగే.

దాంతో బస్సు. నాకు లోపల సంతోషమే, పైకి అనలేదు.

సియోల్‌లో ఒక రాత్రి పడుకుని ఐదో తారీకు ఆదివారం పొద్దున్న బయల్దేరాం. మమ్మల్ని తీసుకెళ్ళడానికి అమ్మాయి ముందు రోజే పైకి, అంటే సియోల్‌కి, వచ్చింది. పైకి వచ్చే బస్సులో సగం సీట్లు ఖాళీ అట. అది వినగానే నాకు నవ్వొచ్చింది. పండక్కి ముందు హైదరాబాదు వైపు ఖాళీగా నడిపే కిలోమీటర్ల గురించి మా డిపో మేనేజరు దగ్గర ఎన్ని చివాట్లు తిన్నానో. వాళ్ళు దీన్నీ వాడుకున్నారు. పిల్లలు ఊరికి రావడం మానేసి ముసలివాళ్ళే పట్నానికి పండక్కి వెళ్ళడం అక్కడ ఇప్పుడు మామూలే, ఆ వైపు సీట్లు తేలిగ్గా దొరుకుతాయి కనక.

టెర్మినల్ దగ్గర నా మొదటి ఫిర్యాదు. మెట్రో స్టేషన్ పేరే ఎక్స్‌ప్రెస్ బస్ టెర్మినల్, మూడు లైన్లు అక్కడ కలుస్తాయి. పైకి వచ్చాక టెర్మినళ్ళు రెండు. ఒకటి బుసాన్ వైపు పోయేవాటికి, రెండోది హోనాం లైన్, అంటే గ్వాంగ్జు, జొన్‌జూ వైపు. అమ్మాయి కాఫీ తెస్తానని వెళ్ళగా నేను పెద్దరికంగా సామానుతో ముందు నడిచి బుసాన్ వైపు హాల్లోకి తీసుకుపోయాను. బోర్డులో గ్వాంగ్జు కనపడదే! పావుగంట వెతికాం. తప్పు నాదే, కానీ ముప్ఫై మూడేళ్ళ సర్వీసున్నవాడే తప్పితే బోర్డుల్లోనూ ఏదో లోపం ఉందనే నా వాదన. మా ఆవిడ ఈ వాదన ఒప్పుకోలేదు.

హోనాం వైపు హాలు చూశాక నా కాళ్ళు కాసేపు ఆగిపోయాయి. జనం మన సంక్రాంతి కాంప్లెక్సంత ఉన్నారు. అరుపుల్లేవు. పిల్లల ఏడుపు మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే. అందరి చేతుల్లోనూ పెట్టెలే. పట్నం నుంచి ఊరికెళ్ళేవాడు వట్టి చేతులతో వెళ్ళడు కదా. పేద్ద పేద్ద బేరికాయల పెట్టెలు, నూనె సీసాల సెట్లు, సిల్కు గుడ్డలో మూటకట్టిన మాంసం. అన్నిటికంటే విచిత్రం స్పామ్ డబ్బాలు. డబ్బా పంది మాంసం పన్నెండేసి వరసగా పేర్చి బహుమతి పెట్టెలో పెట్టి అమ్ముతారు. మనం అత్తారింటికి కాజా ప్యాకెట్టు పట్టుకెళ్ళినట్టే వాళ్ళు అది పట్టుకెళ్తారు.

ప్లాట్‌ఫారాలు ఊళ్ళ వారీగా. గ్వాంగ్జుకి మామూలు రోజుల్లోనే పది నిమిషాలకో బస్సు ఉంటుందట, ఆ రోజు ఒకదాని వెనక ఒకటి. మనం స్పెషల్స్ వేసినట్టే వాళ్ళూ పండక్కి అదనపు బస్సులు దింపుతారు. టూరిస్టు కంపెనీల దగ్గర అద్దెకి తెచ్చినవి కూడా ఉంటాయట. రంగు తేడా చూసి ఇది అద్దె బండి అని నేను ముందే పట్టేశాను.

బస్సుల్లో మూడు రకాలు. మామూలు రకం మన ఎక్స్‌ప్రెస్‌లా అటు రెండు ఇటు రెండు, 45 సీట్లు. ఉదుంగ్ అనే రకం అటు రెండు ఇటు ఒకటి, 28 సీట్లు. ప్రీమియం అని 21 సీట్లది 2016 నుంచి నడుపుతున్నారు. మాకు ఉదుంగ్ దొరికింది. సీటు మా ఇంట్లో పడక్కుర్చీ కంటే మెత్తగా ఉంది. నాకు మనసులో బాధేమిటంటే పండగ రోజున 28 సీట్ల బండి ఎందుకు వేస్తారు? ఆ రోజు 45 సీట్లదే నడపాలి. సీట్లు నూటికి నూరూ నిండే రోజున సీట్లు తక్కువున్న బండి తీసిన కంట్రోలర్‌ని మా డిపోలో బతకనివ్వరు. టికెట్ ఎంతయిందో అడిగితే అమ్మాయి చెప్పలేదు. రద్దు సంగతి మాత్రం చెప్పింది. 2025లో పండగ రోజుల్లో టికెట్ రద్దు చేసుకుంటే 20 శాతం పోయేది, బస్సు కదిలాక అయితే సగం. ఆ ఏడాది మేలోనే పెంచారట. ఒకడే రెండు సీట్లు కొనుక్కుని బస్సు కదిలాక ఒకటి రద్దు చేసి కాళ్ళు చాపుకుని వెళ్ళే తెలివి అక్కడా ఉందన్నమాట, దానికి ఈ మందు.

కండక్టర్ లేడు. డోరు పక్కన ఒక చిన్న మిషను. ఫోన్లో గళ్ళ బొమ్మ దానికి చూపిస్తే టింగుమని సీటు నంబరు పలుకుతుంది. ఎన్ని సీట్లు ఎక్కాయి, ఎన్ని రావాలి అన్నీ దాని మీదే. మన వన్‌మ్యాన్ సర్వీసులో డ్రైవరు టికెట్లు కొట్టే మిషను మెడలో వేలాడేసుకుని చిల్లర కోసం తిట్లు తినడం గుర్తొచ్చి వాళ్ళ డ్రైవర్ని కాస్త అసూయగానే చూశాను. చేతులకి తెల్ల గ్లౌజులు, టై. ఎక్కగానే అందరివైపు తిరిగి వంగి దండం పెట్టాడు. తర్వాత సీటు సీటుకీ వచ్చి బెల్టు చూశాడు. మా ఆవిడ చీర మీంచి బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక కొంగుతో కప్పేసింది. ఆయన కొంగు వైపు చూసి, నా వైపు చూసి, కదలకుండా నిలబడ్డాడు. పెట్టుకుంది.

అప్పుడు జరిగింది ఆ సంగతి.

డోరు మూయబోతుంటే ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. మన వైపు ముఖం. భుజాన సంచి, చేతిలో ఒక రైస్ కుక్కర్ పెట్టె. డ్రైవరుతో కొరియా మాటల్లో ఏదో అన్నాడు, ఆయన తల అడ్డంగా ఊపాడు. కుర్రాడు బస్సు మధ్య దారి చూపించి, తన కాళ్ళు చూపించాడు. భాష అక్కర్లేదు. నిలబడి వస్తానంటున్నాడు. డ్రైవరు తన బెల్టు పట్టుకుని లాగి చూపించాడు. సీటూ బెల్టూ లేనిదే హైవే మీద మనిషిని ఎక్కించడానికి వాళ్ళకి వీల్లేదు. నేను దిగి హిందీలో పలకరించాను. నేపాల్ కుర్రాడు, సియోల్ అవతల ఏదో ఫ్యాక్టరీలో పని. ఏడు రోజులు ఫ్యాక్టరీ మూశారు, గ్వాంగ్జులో తమ్ముడున్నాడు, పండగ సంగతి తెలిసినా టికెట్ ఇంత ముందు కొనాలని తెలియలేదు. కౌంటర్లో అడిగితే సాయంత్రం ఏడు తర్వాత చూద్దామన్నారట. నేను డ్రైవరు వైపు చూశాను. "ఒక్కడే కదా బాబూ, ఇంజను పక్కన" అని తెలుగులోనే అన్నాను. ఆయన నాకు కూడా వంగి దండం పెట్టి డోరు మూశాడు. మా ఆవిడ ఆ లోపలే జంతికల పొట్లం ఒకటి ఆ కుర్రాడి చేతిలో పెట్టేసింది.

నా సర్వీసులో సంక్రాంతి రోజున యాభై సీట్ల బండిలో తొంభైమందిని లెక్కపెట్టి పంపిన రోజులున్నాయి. తప్పని తెలుసు. టైరు పేలితే ఏమయ్యేదో కూడా తెలుసు. కానీ రాత్రి పదకొండుకి కాంప్లెక్స్‌లో చంటిపిల్లతో కూర్చున్న మనిషిని చూసి చోటు లేదని చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. ఆ డ్రైవరుకి చేతనయింది. ఆయనే రైటు. అయినా నేను తీసేసిన ఆ ఒక్క మార్కూ ఇక్కడే పోయింది, నన్నేం చేసినా వెనక్కివ్వను.

బండి 10:20కి కదిలింది, ఒక్క నిమిషం అటూఇటూ లేదు.

ఇప్పుడు నాలుగు మార్కులూ ఎందుకో చెప్తాను. సియోల్ దాటుతూనే హైవే మీద కార్లు ఆగిపోయి ఉన్నాయి. పండగ రోజుల్లో టోల్ తీసేస్తారు, అది కూడా కార్లవాళ్ళకి బయల్దేరడానికో వంక. నాలుగు వరసల్లో కార్లు, పిల్లలు కిటికీల్లోంచి చేతులు పెట్టి ఊపుతున్నారు. మా బస్సు మాత్రం ఎడమ చివర, డివైడరు పక్కన నీలం గీతతో వేరుచేసిన లేన్‌లో దూసుకుపోతోంది. అది బస్సుల లేన్. మామూలు రోజుల్లో పొద్దున్న ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా, చుసోక్ రోజుల్లో అర్ధరాత్రి దాటి ఒంటిగంట దాకా. గోడ లేదు, గొలుసు లేదు, ఉత్త గీత. కారు ఒక్కటీ అందులోకి రాలేదు. తొమ్మిది సీట్లు, ఆపైన ఉన్న బళ్ళు రావొచ్చు, కానీ తొమ్మిది నుంచి పన్నెండు సీట్ల వ్యానులో అయితే కనీసం ఆరుగురు మనుషులు ఉండాలి. కెమెరాలు తలలు లెక్కపెడతాయా అని అడిగితే పోలీసులే కాపుకాసి చూస్తారంది అమ్మాయి.

నేను ఆ లేన్ చూస్తూ కూర్చున్నాను తప్ప వేరే ఏమీ చూడలేదు. కొండలు ఎర్రబడుతున్నాయని మా ఆవిడ రెండుసార్లు మోచేత్తో పొడిచింది. కోటి రూపాయల కారు ఆగిపోయి ఉండగా దాని పక్కనుంచి బస్సు వంద మీద వెళ్ళిపోవడం! ఆనందపురం జంక్షన్లో పండగనాడు గంటన్నర ఇరుక్కున్న బస్సుల తాలూకు ఫోన్లు ఎత్తినవాడికే ఆ సుఖం తెలుస్తుంది.

చొనాన్ దగ్గర మా బస్సు ఆ హైవే వదిలేసి గ్వాంగ్జు వైపు వేరే హైవే ఎక్కింది. అక్కడితో నీలం గీత అయిపోయింది. మేమూ కార్లతో పాటే. అంతవరకు గంటన్నర, ఆ తర్వాత పాతిక కిలోమీటర్లకి నలభై నిమిషాలు. కాబట్టి ఎవరైనా చుసోక్‌కి వెళ్తే ఒకటి చూసుకోండి. మీ బస్సు ఎంతదూరం ఆ లేన్ మీద వెళ్తుందన్నదే ముఖ్యం, బస్సు ఎంత ఖరీదైనదన్నది కాదు. దెజాన్ వైపు వెళ్ళేవాళ్ళు దాదాపు పూర్తిగా లేన్ మీదే వెళ్తారు. గ్వాంగ్జు వాళ్ళకి మధ్యలోనే తెగిపోతుంది.

జొంగాన్ అనేచోట బస్సు ఆపారు. వాళ్ళ హ్యూగేసోలు అంటే హైవే మీద విశ్రాంతి స్థలాలు, మన దాబాకీ మాల్‌కీ మధ్యరకం. డ్రైవరు ముందు గడియారం చూపించి వేళ్ళతో పదిహేను అన్నాడు. బస్సులో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి అందరూ దిగాల్సిందే. మగవాళ్ళకి మూడు నిమిషాల పని. ఆడవాళ్ళ వరస బయట మెట్ల దాకా ఉంది. అమ్మాయినీ వాళ్ళమ్మనీ వరసలో నిలబెట్టి నేను చుట్టూ తిరిగాను.

ఆ ఊరి ప్రాంతం కాల్చిన చెస్ట్‌నట్‌లకి పేరట. ఇనుప డ్రమ్ము తిరుగుతుంటే అందులో గోధుమరంగు గింజలు పటపటమంటున్నాయి. కాగితం పొట్లం అయిదువేల వాన్లు, అంటే మన మూడొందల పైమాట. పైపెంకు వేడికి నోరు తెరుచుకుని ఉంటుంది, బొటనవేలితో నొక్కితే లోపల పసుపుపచ్చటి పప్పు ఊడివస్తుంది. నోట్లో వేసుకున్నానో లేదో, మా అమ్మ పొయ్యిలో నిప్పుల కింద కాల్చిన పనస పిక్క. అదే పిండితనం, అదే మెల్లగా వచ్చే తీపి. విజయనగరంలో వేసవిలో ఊరికే పారేసే పిక్కని ఇక్కడ మూడొందలకి కొన్నానని మా ఆవిడకి చెప్పలేదు. తిన్నాక ఆవిడే కనిపెట్టింది.

పన్నెండు నిమిషాలకి కూడా వాళ్ళు బయటికి రాలేదు. వచ్చేసరికి పదహారు. ఆవరణలో నలభై బస్సులున్నాయి, అందులో సగం ఒకే రంగు. అమ్మాయి కంగారుపడిపోయింది. నేను పడలేదు. దిగగానే నంబరు ప్లేటు మీద ఆఖరి నాలుగంకెలు అరచేతిలో రాసుకున్నాను, అలవాటు. కొరియా అక్షరాలు రాకపోయినా అంకెలు అంకెలే. ఆ నాలుగంకెలు చూసుకుంటూ నేరుగా బస్సు దగ్గరికి తీసుకెళ్ళాను. డ్రైవరు మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెడుతున్నాడు. మమ్మల్ని చూసి కోప్పడలేదు, గడియారం కూడా చూపించలేదు. మా తర్వాత ఇంకా ఒక ముసలామె రావాలి. ఆవిడ వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకున్నాకే కదిలించాడు. సీటు లేనివాళ్ళని కాదంటాడు, ఎక్కినవాళ్ళని వదలడు. ఆ మనిషి మీద నా కోపం సగం అక్కడ తగ్గింది.

గ్వాంగ్జు టెర్మినల్లో దిగేసరికి మధ్యాహ్నం 3:35. మామూలు రోజుల్లో మూడు గంటల ఇరవై నిమిషాల దారి, మాకు అయిదుంపావు పట్టింది. కార్లో బయల్దేరిన అమ్మాయి స్నేహితురాలు రాత్రి ఎనిమిదికి చేరింది.

పండగ రోజు గురించి కొంచెం. వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. చుసోక్ నాడు ఊరు నిద్రపోతున్నట్టుంటుంది. వీధి హోటళ్ళు, చిన్న దుకాణాలు చాలామటుకు మూసే ఉంటాయి. ఇరవైనాలుగు గంటల చిల్లర దుకాణాలు మాత్రం తెరుస్తారు. శాకాహారులైతే మూడు రోజుల సరుకు ముందే తెచ్చిపెట్టుకోండి. కిమ్చీ అనే వాళ్ళ క్యాబేజీ ఊరగాయలో కూడా పులియబెట్టిన చేపల రసమో రొయ్యో ఉంటుంది. సియోల్లో ఉన్నవాళ్ళకి రాజుల కోటలు ఆ రోజుల్లో ఉచితం, అదొక్కటి లాభం.

పొద్దున్నే ఇళ్ళల్లో పెద్దలకి పెట్టుకుంటారు, కొత్త బియ్యంతో అన్నం, పళ్ళు, చేపలు బల్ల మీద వరసగా పేర్చి వంగి మొక్కుతారు. ఆ తర్వాత సమాధుల దగ్గరికి. సంక్రాంతికి మనం పెద్దలకి బట్టలు పెట్టుకోవడానికీ దీనికీ పేర్లు తప్ప తేడా నాకు కనపడలేదు. అమ్మాయి ఉండే ఇంటి యజమానురాలు డెబ్బై దాటినావిడ, కింది అంతస్తులో ఉంటుంది. సాయంత్రం పళ్ళెంలో సొంగ్‌ప్యొన్ తెచ్చింది. కొత్త బియ్యప్పిండితో అరచంద్రంలా మడిచి ఆవిరి మీద ఉడికించిన కుడుములు. ఆకారం కజ్జికాయ, ఒళ్ళు కుడుము, కొరికితే లోపల నువ్వులూ తేనే, మన చిమ్మిలే. ఆవిరి పెట్టేటప్పుడు కింద పైన్ ఆకులు పరుస్తారు, సొంగ్ అంటే ఆ చెట్టే. ఒక కుడుముకి ఒక ఆకు అంటుకుని వచ్చింది. సన్నగా సూదిలా, అచ్చం భీమిలి దారిలో సరుగుడాకు. కుడుము అందంగా మడిచినవాళ్ళకి అందమైన ఆడపిల్ల పుడుతుందని వాళ్ళ సామెత అని ఆవిడ చెబితే అమ్మాయి తెలుగు చేసింది. మా ఆవిడ వెంటనే "నేను కజ్జికాయలు బాగా చేస్తానని చెప్పవే" అంది. పళ్ళెం ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, అరిసెలు నాలుగు పెట్టి పంపింది. ఆ ముసలావిడ అరిసెని కొరికి, ఆగి, మళ్ళీ చూసి, "దీనికి కూడా కొత్త బియ్యమేనా" అని అడిగింది.

ఆ రోజే మా ఊళ్ళో పైడితల్లమ్మ తొలేళ్ళు. అమ్మవారి దగ్గర పెట్టిన విత్తనాలు రైతులకి పంచే రాత్రి. మర్నాడు సిరిమాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఊళ్ళో లేని సిరిమాను ఇదే. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ రోజు బస్సులు ఊరి బయటే ఆపించి వాకీటాకీ పట్టుకుని నిలబడ్డవాణ్ణి, మాను మీద పూజారి కోట వైపు మూడుసార్లు వెళ్ళిరావడం తలెత్తి చూసే తీరిక కూడా ఎప్పుడూ దొరకలేదు. ఈసారి గ్వాంగ్జులో ఫోన్లో మొదటిసారి మొత్తం చూశాను. అక్కడ మనకంటే మూడున్నర గంటలు ముందు, కిటికీ అవతల చీకటి పడిపోయింది, ఫోన్లో మాత్రం మూడు లాంతర్ల దగ్గర ఎండ. మబ్బుల మధ్య వాళ్ళ పున్నమి చంద్రుడు కనపడీ కనపడకుండా ఉన్నాడు. మనకి ఆశ్వయుజ పున్నమి చంద్రుడూ వాడే.

తిరుగు ప్రయాణం చెప్పడానికేం లేదు. పదకొండో తారీకున వచ్చాం, మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు, బస్సులో పది సీట్లు ఖాళీ. సియోల్ టెర్మినల్లో ఎందుకో ఆ నేపాల్ కుర్రాడు నిలబడ్డ చోటుకి వెళ్ళి చూశాను. ఏముంటుంది, బెంచీ ఉంది.

విశాఖ విమానాశ్రయం నుంచి బయటికొచ్చి ఎన్‌ఏడీ దగ్గర విజయనగరం బస్సు ఎక్కాం. నిలబడ్డవాళ్ళు పాతికమంది. కండక్టరు నన్ను గుర్తుపట్టి "సార్, ముందుకి రండి, సర్దుతాను" అని ఒక కాలేజీ కుర్రాణ్ణి లేపి మా ఆవిడని కూర్చోబెట్టాడు. నేను తగరపువలస దాకా రాడ్డు పట్టుకుని నిలబడే వచ్చాను.

ఇల్లు చేరిన మూడో రోజు ట్రావెల్స్ కుర్రాడు ఫోన్ చేసి ఫోన్లో అయిదు నక్షత్రాలు వేయమన్నాడు. వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. టీ ఇచ్చాడు. తెల్లకాగితం అడిగి తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాను, "చుసోక్: 2026 సెప్టెంబర్ 25, శుక్రవారం. 24 నుంచి 26 సెలవు. గ్వాంగ్జులు రెండు." అతని కంప్యూటర్ వెనక గోడకి నేనే జిగురు రాసి అంటించి వచ్చాను. నిన్న అటుగా పోతూ తొంగి చూశాను. కాగితం ఉంది. దాని మీద తిరుపతి ప్యాకేజీ క్యాలెండర్ తగిలించారు.